చేతులు కడిగిన మూల

కబురు వచ్చేసరికి ఆమె జల్లెడ ముందు గొంతుక్కూచుని జొన్న వేర్లు కడుగుతోంది. ఒక చేత్తో మగ్గులో నీళ్ళు వంచుతూ, రెండో చేత్తో పసిపిల్లకు ఒళ్ళు కడిగినట్టు మెల్లగా నిమరాలి. తొందరపడితే సన్నవేర్లు తెగి నీళ్ళలో కొట్టుకుపోతాయి. కావలసిందంతా ఆ సన్నవేర్లలోనే ఉంటుంది. పొద్దుటినుంచీ అదే పని. మోకాళ్ళు పట్టేశాయి. వేళ్ళ చివర్లు నాని ముడతలు పడ్డాయి. ఉంగరం కిందకు ఇసుక చేరి గీసుకుంటోంది. పనిలో ఉన్నంతసేపూ దాన్ని తీసి పక్కన పెట్టమని అందరూ చెప్పి చూశారు. పెళ్ళై ఏడాది తిరగలేదు, అప్పుడే తీసేస్తే ఉంగరం మనసు నొచ్చుకుంటుందని ఆమె నవ్వి ఊరుకుంది.

చేలవాళ్ళు ఆమెను మట్టమ్మాయి అంటారు. ఏడాదిలో సగం రోజులు పొడి సంచులు మోసుకుంటూ వాళ్ళ గట్ల మీద తిరుగుతుంది, మిగతా సగం వాళ్ళ చేలనుంచి తెచ్చిన వేర్లు కడుగుతూ, పచ్చవల కప్పిన ఈ నీడగదిలో కూచుంటుంది. కాబట్టి పేరు సరిగ్గానే పెట్టారు.

ఈ పరిశోధన కేంద్రాన్ని నడిపే పెద్దసారు ఎప్పుడూ నడిచే మనిషే తప్ప పరిగెత్తే మనిషి కాదు. ఆ రోజు వరండా దాటి, గడ్డి కుండీల వరసల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. ఫోను ఛాతీకి అదుముకుని, ఊపిరి అందక, కాసేపు ఆమెనూ జల్లెడనూ మార్చి మార్చి చూశాడు.

"పట్టిందమ్మా," అన్నాడు చివరికి. "మన మందు నేలకు పట్టింది."

నిజానికి అది మందు కాదు. చెప్పడానికి తేలిక అని అందరూ అలా అంటారు. కుండీల్లో గడ్డి పెంచి, దాని వేర్లలో కంటికి కనపడని బూజులాంటి జీవాన్ని పెంచి, ఆ వేర్లను సన్నగా తరిగి ఇసుకలో కలిపితే అయ్యే పొడి అది. విత్తనంతోపాటు వేస్తే ఆ జీవం మొక్క వేరులోకి దూరుతుంది. అక్కణ్ణించి మట్టిలోకి దారాలు సాగదీసి, వేరు చేరలేని సందుల్లోంచి తడినీ బలాన్నీ లాక్కొచ్చి మొక్కకు ఇస్తుంది. ఎండకు కాలి, గాలికి పైపొర లేచిపోయిన మెట్టచేలల్లో ఆ జీవం ఏనాడో చచ్చిపోయింది. దాన్ని మళ్ళీ తెచ్చి వేస్తే బతుకుతుందా, చేను తేరుకుంటుందా అని పెద్దసారు జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ అడుగుతున్నాడు. పైకేంద్రం వాళ్ళు అన్ని చేలల్లో కోసి తూచిన గింజల లెక్క కట్టి ఇప్పుడే ఫోన్ చేశారు. వానలు మొహం చాటేసిన ఏడాదిలో కూడా, మందు పడ్డ చేలు మిగతావాటిని బాగా మించిపోయాయి.

మిగతావాటిలో పడిందీ పొడే. కాకపోతే ఉడికించిన పొడి. నీడగది వెనక పెద్ద ఆవిరి డ్రమ్ము ఉంది. అందులో సగం పొడిని పోసి, మూత బిగించి, ఒక్క ప్రాణం మిగలకుండా ఉడికిస్తారు. చల్లారాక పైకేంద్రం వాళ్ళు వచ్చి, ఏది ఏదో చెప్పకుండా తొట్టెలకు గుర్తులు పెట్టి వెళతారు, రెండూ ఒకే రకం సంచుల్లో నింపుతారు. రంగు అదే, బరువు అదే, వాసన కూడా అదే. తేడా ఒక్కటే, కొన్ని సంచుల మూతికి నల్లతాడు, కొన్నిటికి తెల్లతాడు. ఏ తాడు ఏదో ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే బతికిన సంచి పడ్డ చేను మీద తెలియకుండానే ఎక్కువ ప్రేమ పుడుతుందట. చేలవాళ్ళకు మాత్రం రెండు రకాల మందు, ఏది మేలో చూస్తున్నాం అని చెప్పారు. చీటీలు తీసి పంచారు.

ఆవిరి డ్రమ్ము చూసుకునే పెద్దాయన టీ పట్టుకొచ్చి, ఇన్నాళ్ళూ తను చేసింది వంటేనన్నమాట, ఉప్పు వేయడం ఒక్కటే తక్కువైందని అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దసారు చెప్పులేని కాలిని ఇంకో కాలి మీద రుద్దుకుంటూ నవ్వాడు. ఆయన పళ్ళు అంత బాగుంటాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నవ్వుతూనే అడిగింది.

"ఇంతకీ బతికింది ఏ తాడు సార్?"

"నల్లది," అనేసి, ఆయన నాలిక కరుచుకున్నాడు. సంతోషం మీద నోరు జారింది. ఇంకో పంటకాలం ఉంది, అదే చేనుకు అదే తాడు మళ్ళీ పడాలి, ఒక్క ఏడాది లెక్కను ఎవరూ నమ్మరు, కాబట్టి ఈ మాట ఈ గోడలు దాటకూడదని అందరి మొహాలూ చూసి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆమె టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తలాడించింది. ఆ వెచ్చదనం నానిన వేళ్ళకు హాయిగా ఉంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. ఆమెను పెంచిన పిన్ని చేను కూడా ఆ చీటీల్లో ఉంది, పిన్ని సంచికి తెల్లతాడు. చీటీలో తెల్లది వచ్చినప్పుడు ఆమె లోలోపల సంబరపడింది కూడా. ముచ్చటగా తెల్లగా ఉంది, బతికినది ఇదే అయ్యుంటుంది అనుకుంది.

*

ఇల్లంటే మేడమీద ఒక్క గది. కిటికీకి కొత్త తెర కట్టి వారమే అయింది. తలుపు తీయగానే ఆ పసుపు తెర కనిపిస్తే ఎంత అలసటలోనైనా ఆమెకు ఒక గుక్కెడు చల్లటి నీళ్ళు తాగినట్టుంటుంది. జతగా కొన్న రెండు కప్పుల్లో ఒకదాని చెవి విరిగింది. చెవి ఉన్నది నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని రోజూ తగాదా. నలుగురిలో ఆమె భర్తను మీరు అంటుంది, తలుపు వేశాక నువ్వు అంటుంది. ఆ మార్పు జరిగే క్షణం ఆమెకు భలే ఇష్టం.

ఆ సాయంత్రం ఆ క్షణం కూడా చప్పగానే దాటిపోయింది.

అతను మోటార్లు బాగుచేసే షెడ్డునుంచి వచ్చాడు. మోచేతులదాకా నల్లటి గ్రీజు. గోడలకు తగలకుండా రెండు చేతులూ గాల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె సబ్బు అందించి, చెంబుతో నీళ్ళు పోసింది. చేతులు రుద్దుకుంటూ అతను ఆ రోజు సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి మోటారు కాలిందో, ఎవరు పాత సామానుకు కొత్త రంగు వేసి తెచ్చారో అన్నీ అయ్యాక, ఇటుకబట్టీ వాళ్ళ మట్టి తవ్వే యంత్రం గొట్టం పగిలి షెడ్డుకు వచ్చిందన్నాడు. కొత్త గొట్టం బిగించి పంపాడట.

"మొదటి పని ఎక్కడని అడిగా. ఊరికే అడిగా. మీ పిన్ని చేనే అన్నారు. ఎల్లుండి కాక ఆ మర్నాడు పొద్దున దింపుతారట."

చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఆమె ఖాళీ చెంబునే ఇంకా వంచి పట్టుకుంది.

బట్టీవాళ్ళు పైమట్టి అడుగుతున్నారని పిన్ని అంతకుముందు ఒకసారి ఫోన్లో అంది. అడగడం వేరు, ఒప్పుకోవడం వేరు. వాళ్ళు తవ్విన చేలు దారి పొడుగునా ఉన్నాయి. నిలువెత్తు గుంతలు, అడుగున తెల్లటి సుద్ద. అందులో గడ్డిపోచ కూడా మొలవదు. ఇంకా నయం, వానొస్తే పిల్లలు ఈతకొడతారు.

"మీ సారు ఇవాళ నవ్వాడన్నావు," అన్నాడు అతను కంచం ముందు కూచుని. "ఆయన నవ్విన రోజు నువ్వెందుకే ఇలా ఉన్నావు?"

"చెప్పకూడదు."

"అయితే చెప్పకు. నేను అడగను." ఇంకో ముద్ద తిన్నాడు. "కూరలో ఉప్పు మాత్రం రెండుసార్లు వేశావు. అది చెప్పుకోవచ్చుగా."

ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అతను మంచినీళ్ళు తెచ్చి, చెవి ఉన్న కప్పులో పోసి ఆమె ముందు పెట్టాడు. ఆ రోజు తగాదా పడలేదు.

*

మర్నాడు సంచులు నింపే పని. రెండో పంటకాలానికి పొడి సిద్ధమైంది. ఒక తొట్టిలో బతికినది, ఒక తొట్టిలో చచ్చినది. ఇంతకుముందు తొట్టెలకు పైకేంద్రం వాళ్ళు పెట్టిన గుర్తులు తప్ప ఏమీ తెలియకుండా నింపేది. ఇప్పుడు ఒక తొట్టి దగ్గరకు వెళ్ళినప్పుడు చెయ్యి తేలిగ్గా ఆడుతోంది, ఇంకోదాని దగ్గర బరువెక్కుతోంది. చిప్పతో తోడడం, తూచడం, మూతి మడవడం, తాడు కట్టడం. తెల్లతాడు ముడి ఎందుకో మాటిమాటికీ జారిపోయింది.

మధ్యాహ్నం పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. అయినా మొహం మీద నిన్నటి సంతోషం ఇంకా సర్దుకుని కూచునే ఉంది. ఆమె తన పిన్ని అని దాచలేదు. చేను బట్టీకి పోతోందని చెప్పింది. మందు పట్టలేదు కాబట్టి నా నేలే చచ్చింది అనుకుని ఇచ్చేస్తోందని చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. కోప్పడలేదు. నీకు పిన్ని చేను ఉంది, నాకు ఇంకా మొహం కూడా చూడని వాళ్ళ చేలు ఎన్నో ఉన్నాయి అన్నాడు. పక్కన పెట్టి పోల్చి చూపకపోతే ఎవరూ నమ్మరు, నమ్మకపోతే ఈ పొడి ఈ నీడగది దాటదు. రెండో ఏడాది అయిపోగానే తెల్లతాడు వాళ్ళందరికీ ముందుగా బతికినదే ఇస్తాం, అది తన మాట. ఆయన చెప్పినదంతా నిజమే. అందుకే ఆమెకు ఎక్కడ పట్టుకోవాలో దొరకలేదు.

"మరి ఈలోపు చేనే లేకుండా పోతే, సార్?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మధ్యలో కొందరు తప్పుకుంటారని ముందే అనుకున్నామమ్మా. ఒకటీ అరా పోయినా లెక్క తట్టుకుంటుంది."

ఆయన మంచి మనిషి. ఆమె పెళ్ళికి ఆయనే అందరికంటే ముందొచ్చి, అందరికంటే చివర వెళ్ళాడు. ఆ మాట అన్నాక ఆయనే తల పక్కకు తిప్పుకుని కిటికీలోంచి కుండీల వైపు చూశాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె నల్లతాడు తొట్టి ముందు కూచుని, కడిగిన టిఫిన్ డబ్బా తీసి మూత విప్పింది. చిప్పతో పొడి తోడి డబ్బా నింపింది. మూత పెట్టింది. బరువు చూసింది. పిన్ని చేనుకు ఇది ఎండలో నాలుగు చినుకులు. పోనీ, ఎంతో కొంత అనుకున్నా, ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి? ఇదిగో పిన్నీ, ఇంకో రకం, ఇది వేసి చూడు అనా? మొదటిసారి చెప్పిందీ అదే. మూత విప్పి పొడినంతా తిరిగి తొట్టిలోకి వంపేసింది. డబ్బా అంచులను చీపురుపుల్లతో గీకి మరీ వంపింది. తర్వాత కుళాయి కింద డబ్బా కడుక్కుని ఇంటికి వెళ్ళింది.

*

ఆ మర్నాడు సెలవురోజు, అతనే బండి మీద పిన్ని ఊరికి తీసుకెళ్ళాడు. దారంతా ఆమె అతని వీపుకు తల ఆనించుకుని కూచుంది. అతను ఒకచోట బండి ఆపి, వీపు మీద ఏదో తడిగా ఉంది, వాన కాదుగదా అని అడిగాడు. కాదంది. మళ్ళీ బండి నడిపాడు.

పిన్ని ఇంట్లో లేదు. చేలో ఉంది. గట్టు మీద పాతిన కంచె గుంజలను ఒక్కొక్కటే ఊపి ఊపి పీకుతోంది. యంత్రం లోపలికి రావాలంటే దారి కావాలిగా. అమ్మ పోయాక తనను పెంచింది ఈ చేతులే. ఇప్పుడు ఆ చేతుల్లో నరాలు పైకి తేలాయి. ఒక గుంజ పీకి, దాని మీదే కూచుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ వీళ్ళను చూసింది.

"రా అమ్మాయ్. ఆఖరిచూపుకు బానే వచ్చావు. అల్లుడుగారూ, అలా ఎండలో నిలబడకండి. ఆ యంత్రానికి గొట్టం బిగించింది మీరేనట కదా. గట్టిగానే బిగించారా?"

అతను తల గోక్కుని, తనకు అప్పుడు తెలియదండీ అని గొణిగి, గుంజలు మోయడానికి వెళ్ళాడు.

పిన్ని చెప్పుకుపోయింది. బట్టీ ఆయన మర్యాదస్తుడట. ఒకటికి రెండుసార్లు వచ్చి, మట్టిని గుప్పిట్లో పట్టి, తడిపి, ఉండ చేసి చూసుకున్నాడట. ఇటుకకు ఇంతకంటే మంచి మట్టి ఈ చుట్టుపక్కల లేదన్నాడట.

"ఇన్నేళ్ళకు ఎవరో ఒకరు నా మట్టి బాగుందన్నారే," అంది పిన్ని. నవ్వుదామనుకుంది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నువ్వు తెచ్చిన మందు కూడా బతికించలేని నేలను పట్టుకుని నేనేం చేసుకోను? నీ తప్పేం లేదులే. నువ్వు ఎండలో మోసుకొచ్చావు. దీనికే తీసుకునే యోగం లేదు. లేకపోతే నా చెయ్యే మంచిది కాదేమో."

మట్టమ్మాయి నోరు తెరిచింది. నాలిక ఎండిపోయి అంగుడికి అతుక్కుంది. నీళ్ళున్నాయా అని అడిగింది. పిన్ని చేత్తో చూపించింది, కడవ అదిగో, ఆ మూలే ఉంది.

చేనంతా కోసేసిన మోళ్ళు, నేలకు అంటి బూడిదరంగుగా ఉన్నాయి. కడవ ఉన్న మూల మాత్రం జొన్నకాడలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఒక మంచం పరిచినంత మేర. కంకులు కోసుకున్నాక వదిలేసినట్టున్నారు. మొదళ్ళ దగ్గరనుంచి కొత్త పిలకలు వచ్చి, ఆ ఎండలో కూడా పచ్చగా, సిగ్గులేకుండా ఊగుతున్నాయి. ఆమె నడక నెమ్మదించింది. కోత రోజు తూకం కోసం గుర్తుపెట్టిన చోట్లన్నీ చేను మధ్యలో ఉన్నాయి. మూలల జోలికి ఎవరూ రాలేదు.

"అది కొయ్యబుద్ధి పుట్టలేదు," అంది పిన్ని వెనకనుంచి. "కంకులు కూడా అక్కడే బరువుగా వచ్చాయి. అక్కడే కదూ నువ్వు చేతులు కడిగావు, విత్తిన రోజున? నీ చేతి మురికి మంచిదే అని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకున్నాం."

ఆమెకు ఆ రోజంతా ఒక్కసారిగా ఒంటి మీదికి వచ్చింది. ఒక చేలోనుంచి ఇంకో చేలోకి వెళ్ళే ముందు, మందు కలిపిన బేసినూ చేతులూ దారి మీదే కడుక్కుని లోపలికి అడుగుపెట్టాలి. అది పద్ధతి. ఒక చేను పొడి ఇంకో చేనుకు అంటకూడదు. ఆ రోజు అన్ని చేలకూ అలాగే చేసింది. ఆఖరున పిన్ని చేను. దానికి ముందు చేసింది నల్లతాడు చేను. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయి. పిన్ని ఈ మూల కడవ పట్టుకుని నిలబడి, ముందు నీళ్ళు తాగవే, మిగతావి తర్వాత అంది. పరాయి చేను కాదుగా, సొంత ఇల్లే. తిన్నగా లోపలికి వచ్చి, బేసిను ఇక్కడే కడిగి, చేతులు ఇక్కడే కడిగి, మిగిలిన నీళ్ళు మొహాన కొట్టుకుంది.

ఆమె ఒక కాడను మొదట్లో పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి లాగితే వచ్చింది. వేర్లకు మట్టి తొడుగులా అంటుకుని వచ్చింది. విదిలించినా రాలలేదు. దాన్ని పట్టుకుని చేను మధ్యకు నడిచి, అక్కడ ఒక మోడును లాగింది. ఒక్క చేత్తోనే ఊడొచ్చింది. మట్టి మొత్తం పిండిలా రాలిపోయి, వేర్లు అరిగిన చీపురులా బోసిగా మిగిలాయి. రెండూ తెచ్చి పిన్ని కాళ్ళ ముందు పక్కపక్కన పెట్టింది.

నిలబడి చెప్పడం చేతకాక కూచుని చెప్పింది. నల్లతాడు, తెల్లతాడు, ఆవిరి డ్రమ్ము, పైనుంచి వచ్చిన ఫోను. పెద్దసారు ఎందుకు చెప్పొద్దన్నాడో అది కూడా చెప్పింది, ఆయన వైపు న్యాయం తగ్గించకుండా. చెప్పినంతసేపూ పిన్ని ఆ రెండు వేర్లనే చూసింది. మట్టి అంటుకున్న వేరును తీసుకుని, బొటనవేలితో మెల్లగా నొక్కింది. చిన్న చిన్న ఉండలుగా విడిపోయింది తప్ప పొడి కాలేదు.

"ఉడికించి ఇచ్చారా," అంది.

"అవును పిన్నీ."

"నీకు తెలుసా?"

"ఉడికించినవి కూడా ఉంటాయని తెలుసు. నీ సంచి అదని తెలీదు."

"తెలిసుంటే?"

"నీకు తెచ్చేదాన్ని కాదు."

"అంటే ఇంకెవరి చేనుకో వెళ్ళేది." పిన్ని గొంతు పెంచలేదు. "వాళ్ళింట్లో కూడా ఎవరో ఒకరు తమ చెయ్యి మంచిది కాదనుకుంటూ ఉండేవాళ్ళు."

దూరంగా అతను పీకిన గుంజలను ఒకచోట పేరుస్తూ, ఇటు చూడకుండా చూస్తున్నాడు.

"ఏడాదంతా," అంది పిన్ని, "పొద్దున లేవగానే వచ్చి దీన్ని చూసేదాన్ని. నీకేం తక్కువ చేశానని తిట్టేదాన్ని. ఒకరోజు కాలితో తన్నాను కూడా." అరిచేతిలో ఉన్న మట్టిని జాగ్రత్తగా నేల మీద పెట్టింది. "ఇది పస్తు ఉండి కూడా మాట పడింది."

పిన్ని మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. మూల దాకా నడిచి, పచ్చటి పిలకల మధ్య వంగి, నేలను రెండు మూడు చోట్ల వేళ్ళతో పొడిచి చూసింది. అక్కడ వేలు దిగింది. నాలుగడుగులు ఇవతలికి వచ్చి పొడిచింది, దిగలేదు.

"చెప్పి అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో," అంది వెనక్కి తిరక్కుండానే. "చదువుకున్నవాళ్ళు, మంచికే అడుగుతున్నారు, సరే ఉడికించిందే ఇవ్వండి అనేదాన్నేమో. అడగలేదుగా."

"అడగలేదు."

"తెల్లతాడు వాళ్ళు ఇంకా ఉన్నారా?"

"చాలామంది ఉన్నారు పిన్నీ."

"వాళ్ళ చేలల్లో ఏ మూల కడిగావు చేతులు?"

"ఎక్కడా లేదు. దారి మీదే కడిగాను. పద్ధతి ప్రకారం."

పిన్ని మెల్లగా తలాడించింది. "అయితే వాళ్ళకు మూల కూడా లేదు."

ఆ మాట మట్టమ్మాయికి తిట్టుకంటే గట్టిగా తగిలింది. లేచి చీర దులుపుకోబోయి ఊరుకుంది. "రేపు పొద్దున సారుతో చెప్తాను," అంది. "నీకు చెప్పేశానని చెప్తాను. నీ చేను తీసేయమని చెప్తాను. మిగతా తెల్లతాడు వాళ్ళకు కూడా విత్తే ముందే ఉన్నదున్నట్టు చెప్పి అడుగుదాం, ఉండేవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోతారు అంటాను. మీరు రాకపోతే నేనే గడప గడపకూ వెళ్తాను అంటాను."

"ఒప్పుకుంటాడా?"

"ఏమో. తిడతాడు. పనిలోంచి తీసేసినా తీసేస్తాడు."

"మంచి మనిషే అన్నావుగా."

"మంచి మనిషే."

"అయితే తిట్టనీ. తిట్లు తిని కూడా పని చేయొచ్చు." పిన్ని గట్టు మీద పేర్చిన గుంజల వైపు చూసి, గట్టిగా పిలిచింది. "అల్లుడుగారూ, ఆ గుంజలు అక్కడ పెట్టకండి. పీకినచోటే మళ్ళీ పాతాలి."

అతను చేతిలో గుంజతో అలాగే నిలబడిపోయాడు. వీళ్ళిద్దరి మొహాలూ చూసి, ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, కావాలంటే యంత్రం గొట్టం మళ్ళీ వదులు చేసి వస్తానండీ, ఎంతసేపు అన్నాడు. పిన్ని ఈసారి నవ్వును సగంలో ఆపలేదు. అక్కర్లేదు, యంత్రం రానీండి, మాట ఇచ్చింది నేను, వెనక్కి తీసుకునేదీ నేనే, బట్టీ ఆయనకు ఎదురుగా నిలబడి చెప్తాను, మట్టి బాగుందన్నందుకు ఒక గ్లాసు టీ కూడా ఇస్తాను అంది.

తర్వాత రేపటి పని చెప్పింది. విత్తే అదను ఇంకెంతో దూరం లేదు. ఈ మూల మట్టిని వేర్లతో సహా తవ్వి, గంపలకెత్తి, చాళ్ళ వెంట పిడికెడు పిడికెడుగా చేనంతా పంచాలి. ఒక్క ఏడాదిలో అంతా అందుకోకపోవచ్చు. అందుకున్నంత అందుకుంటుంది, మిగతాది ఇంకో ఏడాది. మూలలో కొంత కదిలించకుండా విత్తనంలా ఉంచాలి. అల్లుడుగారు షెడ్డు మూసి, పొద్దున్నే రావాలి, ఎండ ముదరకముందే సగం అవ్వాలి. ముందు ఈ పిల్లను వాళ్ళ సారు దగ్గర దింపి, మాట అయిపోగానే ఎక్కించుకుని రావాలి.

"ఎంతసేపు పడుతుందే అక్కడ?"

"ఎంతోసేపు పట్టదు పిన్నీ. చెప్పి వచ్చేస్తాను." ఆమె తన చేతులు చూసుకుంది. ఉంగరం కిందకు మళ్ళీ మట్టి చేరింది. "తొట్టెల దగ్గర పొద్దుటి పని మాత్రం చేసి రావాలి. నల్లతాడు సంచులు ఇంకా కొన్ని నింపాలి."

పిన్ని కడవలో మిగిలిన నీళ్ళను పచ్చటి పిలకల మొదట్లో పోసేసి, ఖాళీ కడవను చంకకెత్తుకుంది.

"సరే, నింపే రా," అంది. "చేతులు మాత్రం కడుక్కోకుండా రా."